పుష్యమాసపు దిగులు



చలికాలమున మనస్సు క్రుంగుటను గూర్చి, అందును బొమ్మ వ్రాయువాడు, పాట కట్టువాడు, కథ చెప్పువాడు, కర్ర చెక్కువాడు ఈ కాలమున పడు దిగులును గూర్చి కొన్ని మాటలు చెప్పుటకు ఈ పూట మీ ముందుకు వచ్చితిని. నేను వైద్యుడను గాను. ముప్పది యేండ్లు పిల్లలకు చిత్రలేఖనము నేర్పి, మిగిలిన పొద్దు నాకై నేను బొమ్మలు వ్రాసికొన్నవాడను. మా ఊరు గోదావరికి ఈవలి గట్టున, ధర్మపురికి దాపున నున్నది. ఉద్యోగము చేసినది నదికి ఆవల, ఉట్నూరు అడవి సీమలో. 2016 లో జిల్లాలు చీలినప్పుడు మా ఊరు జగిత్యాల జిల్లాలో చేరినది. ఉట్నూరు ఆదిలాబాదులోనే నిలిచినది. దాని ప్రక్కనున్న జైనూరు కుమురం భీము పేరిటి జిల్లాకు పోయినది. అయినను మా యీడువారి నోట నదికి ఈవల కరీంనగరము, ఆవల ఆదిలాబాదు. నేనును అట్లే చెప్పుదును; చిన్నవారు మన్నింతురు గాక.

ఈ మాటలు కళాకారులకు చెప్పవలసినవి గదా, ఊరి పెద్దలమైన మాకేల యని మీరడుగవచ్చును. ఇంటిలో నొకడు పని మానుకొని గొంగడి కప్పుకొని మూల కూర్చున్నప్పుడు మొదట నోరు విప్పునది పెద్దలే. ఆ మొదటి మాట వానిని నిలుపవచ్చును, పడద్రోయనూ వచ్చును. అందుచేతనే మీకు చెప్పుచున్నాను.

మన సీమలో చలి ఎట్టిదో మీరెరుగనిది కాదు. తెలంగాణమంతటిలో చలి యెక్కువగా పడునది ఆదిలాబాదు వైపే. కొన్ని సంవత్సరములలో తెల్లవారుజామున అయిదు డిగ్రీలకు దిగువకు పోయిన దినములు కలవు. మావారు దీనిని ఇగము అందురు. ఇగము పెట్టిన ఉదయమున కుంచె పట్టిన వ్రేలు వంగదు, పొద్దు పొడుచుట ఆలస్యము, పొద్దు క్రుంకుట త్వరితము. నడివేసవిలో మనకు పగలు పదుమూడు గంటలకు పైగా నుండును. డిసెంబరు చివర పదునొకండు గంటలకు కొంచెము తక్కువ. డిసెంబరు 22 దాటిన పిమ్మట పగలు పెరుగుచున్నదని పంచాంగము చెప్పును. అది నిజమే. కాని ఆ పెరుగుదల మొదట సాయంకాలపు కొసనే కనబడును. మన ప్రాంతమున సూర్యుడు అన్ని దినములకంటె ఆలస్యముగా ఉదయించునది జనవరి నడుమనుండియే. పగలు పెరుగుచున్నదని చదివి లేచినవానికి వాకిట చీకటియే యెదురగును.

ఇది యొక కారణము. దీనికంటె పెద్దది మరొకటి కలదు. పుష్యమాసమును మనవారు శూన్యమాస మందురు. పెండ్లిండ్లు లేవు, గృహప్రవేశములు లేవు. సన్నాయివానికి పిలుపు రాదు, డప్పువానికి పిలుపు రాదు, పందిళ్ళకు పటములు వ్రాయువానిని పిలుచువాడుండడు. కార్తికమువరకు ఇంటింట కథ చెప్పిన ఒగ్గువాడు సంచి మేకునకు తగిలించును. చేతికి పని లేదు, చెవికి మెప్పు లేదు, రాత్రి దీర్ఘము. ఇట్టి నెలలో మనస్సు దిగకుండుట వింత గాని దిగుట వింత కాదు.

పని యున్నవారికిని పని సాగదు. నిర్మల బొమ్మలు చేయువారు పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, పిదప రంగులు వేయుదురు. ప్రతి పూతకును ఆరుట కావలెను. ఎండ పొద్దు పొట్టిదైనకొలది ఆరుట ఆలస్యమగును. కరీంనగరపు వెండి తీగపనివారు సన్నని తీగను మెలిపెట్టి ఆకులుగా, పూవులుగా చుట్టుదురు. కొంకర్లు పోయిన వ్రేలికి ఆ తీగ లొంగునా? జైనూరు వైపున ఉషేగాములో ఓజులు మట్టిముద్దపై తేనెమైనపు పోగులు చుట్టి కంచు బొమ్మలు పోయుదురు. చలికి మైనము పెళుసగును, పోగు తెగును. అచ్చట నేను చూచినదేమనగా, పోగు తెగినదని పనివాడు తన నేర్పును నిందించుకొనడు. మైనమును వెచ్చజేసి మరల నొత్తును. ఈ సంగతి నాకు మొదట కంటికి కనబడినది గాని బుద్ధికి పట్టలేదు. పట్టుటకు నాకొక చెడ్డ పుష్యమాసము కావలసివచ్చినది.

అది 1993. నాకప్పుడు ఇరువదితొమ్మిదేండ్లు. సంక్రాంతి సెలవులకు మా ఊరు వచ్చితిని. అంతకు రెండు నెలల ముందునుండియే నా మనస్సు బాగుగా లేదు. దీపావళి నాటికి బాగుగనే యుంటిని. గోండు గూడెములలో దండారి ఆశ్వయుజ పూర్ణిమ ప్రాంతమున మొదలై దీపావళి దాటువరకు నడచును గదా. నెమలి యీకల కిరీటములు పెట్టుకొని గుసాడీలు ఆడుచుండగా రాత్రులు కూర్చుండి పుస్తకముల నిండ రేఖాచిత్రములు గీసితిని. దండారి ముగిసినది, కిరీటములు ఇండ్ల పైకి చేరినవి. ఆ నాటినుండి నాలోనేదో దీపము తగ్గించినట్లాయెను. కార్తికము గడచినది, మార్గశిరము గడచినది. గీసినవన్నియు చచ్చిన గీతలుగా కనబడెను. బడిలో పిల్లలకు మామిడికాయ వేసి చూపుటకు సుద్దముక్క యెత్తిన చేయి బరువెక్కినట్లుండెడిది. తొమ్మిది గంటలకు ముందు లేవలేకుంటిని. తినునది యెక్కువయ్యెను, రుచి తగ్గెను. రాత్రి మాత్రము లోపలి గదిలో దీపము ముందు రెండు గంటలవరకు కూర్చుండి, ఏమియు చేయక, చేయలేదని యేడ్చుకొనుచు పడుకొనెడివాడను.

ఇంటికి వచ్చిన నన్ను చూచి మా బాపు అడిగెను: "కడుపు నిండినోనికి దిగులేంది రా?" ఆయన మంచివాడు. కరవు చూచినవాడు, రెక్కల కష్టముతో మమ్ము పెంచినవాడు. ఆయనకు దిగులన్నచో అప్పు, వాన, ఎద్దు, బిడ్డ పెండ్లి. ఉద్యోగమున్న కొడుకునకు దిగులెక్కడిదో ఆయనకు తోచలేదు. ఆ మాటలో తప్పు పట్టుటకు నాకును ఏమియు దొరకలేదు. అదియే చిక్కు. అప్పటినుండి దిగులుతోపాటు సిగ్గును చేరెను.

పండుగకు ముందునాడు పత్రికలో అలిశెట్టి ప్రభాకర్ మరణవార్త చూచితిని. మీలో అనేకులకు ఆయన తెలియును. మా జగిత్యాలవాడు. మొదట చిత్రకారుడు, పిదప కవి. జగిత్యాలలోను, కరీంనగరములోను, చివరకు హైదరాబాదులోను ఫొటో స్టూడియోలు నడిపి బ్రతికినవాడు. 1954 జనవరి 12 న పుట్టి, 1993 జనవరి 12 ననే క్షయవ్యాధితో హైదరాబాదున కన్నుమూసెను. ముప్పదితొమ్మిదేండ్లు నిండిన నాడే. చిన్న కవితలో పెద్ద కోపమును పట్టించగలిగినవాడని మేము చెప్పుకొనుచుండెడివారము. నావంటి కుర్రవాండ్రకు ఆయన బ్రతుకే యొక ధైర్యము. ఆ వార్త చదివినప్పుడు నాకు తోచిన ఆలోచన తలచుకొనుటకు ఇప్పుడును సిగ్గగును. అంతటివాడే ఇట్లు పోయెను, నా గీతలకు విలువ యేమి యని తోచెను. పండుగ మూడవనాడు తెల్లవారకముందే లేచి, పెట్టెలోని బొమ్మలన్నియు, దండారి పుస్తకములతో సహా, నీళ్ళు కాగు పొయ్యిలో ఒక్కొక్కటిగా పెట్టితిని. ముప్పది నలుబది యుండును. నీళ్ళు బాగుగనే కాగినవి.

మా అవ్వ అప్పుడే వాకిట సాంపి చల్లి వచ్చి చూచెను. ఏమియు ననలేదు. చేయి పెట్టి ఒక్కటి లాగెను. అది ఒక గుసాడీ బొమ్మ. కిరీటము సగము కాలిపోయినది, కాళ్ళు మిగిలినవి. దానిని చీరకొంగుతో అదిమి ఆర్పి, బియ్యపు గుమ్మిపై పెట్టి, ముగ్గు డబ్బా తీసికొని మరల వాకిటికి పోయెను.

నేనును వెంట పోయి గడపలో కూర్చుంటిని. పండుగ ముగిసినది. ధనుర్మాసపు పెద్ద ముగ్గుల కాలము గడచిపోయినది. గొబ్బెమ్మలు ఎండి గోడకు చేరినవి. అయినను ఆమె చుక్కలు పెట్టుచున్నది. చేతులు వణకుచున్నవి, గీత వంకర పోయినది. "అవ్వా, ఇగములో ఎందుకే? గీత సక్కగ వస్తలేదు గదా" అంటిని. ఆమె తల యెత్తక చెప్పెను: "ఇయ్యాల సక్కగ రాలేదని రేపు వాకిలి సాంపి సల్లకుంట ఉంటనా కొడుకా?"

నేను బొమ్మలు నేర్చినవాడను. ఆమె బడి మొగము చూడనిది. కాని ఆ పూట నాకు తెలిసినది, మా ఇంటిలో నిజమైన చిత్రకారిణి యెవరో. ఆమె బొమ్మ మధ్యాహ్నమునకు ఎడ్ల కాళ్ళ క్రింద పోవును. దానిని ఎవరును కొనరు, ఎవరును మెచ్చరు. మనసు బాగుండినను లేకున్నను, చుట్టము వచ్చినను చావు మైల తీరినను, మరునాడు మరల చుక్కలు పెట్టును. తన గుణము ఆ ముగ్గుపై ఆధారపడి యున్నదని ఆమె యెన్నడును తలచలేదు. మాకో, ప్రతి గీతయు మా విలువకు తీర్పు. అందుచేతనే చలికాలపు మందమైన గీత మమ్ము చంపును.

ఆ మరునాడు ఆమె నా చేతికి ముగ్గు డబ్బా ఇచ్చెను. ఊరిలో మగవాడు ముగ్గు వేయుట యేమని నవ్వుదురనుకొంటిని. నవ్విరి కూడను. ఎదురింటి వదిన నవ్వి, నవ్వి, నా చుక్కలు వరుస తప్పినవని దిద్దెను. చాల దినముల తరువాత నా పనిని గూర్చి మరొక మనిషి మాటలాడుట అదియే. అప్పటికి ఎండ వాకిటికి వచ్చినది. ఆ యెండలో అరగంట నిలుచుంటినని నేను గమనింపనే లేదు.

సెలవులు ముగిసి ఉట్నూరు చేరిన వారమునకు పుష్యమాసపు అమావాస్య వచ్చినది. కేస్లాపూరులో నాగోబా జాతర. చూడని వారికొరకు కొంచెము చెప్పుదును. మెస్రం వంశమువారు అమావాస్యకు చాల దినముల ముందే కాలినడకన బయలుదేరి, జన్నారము వైపున హస్తినమడుగు కడకు పోయి గోదావరి జలము తెత్తురు. సిరికొండ కుమ్మరులు చేసిన కుండలు ఆ పూజకు కావలెను. తిరిగి వచ్చి కేస్లాపూరు మర్రిచెట్ల క్రింద బస చేసి, అమావాస్య రాత్రి నాగోబాను ఆ జలముతో అభిషేకింతురు. క్రొత్తగా వంశమున ప్రవేశించిన కోడండ్రను ఆ రాత్రి దేవునికి భేటీ చేయింతురు. పర్ధానులు మూడు తంతుల కిక్రి మీటుచు వంశకథలు పాడుదురు. ఈ నెలలోనే కెరమెరి అడవులలో జంగుబాయి జాతరయు జరుగును.

నేను ఆ జనమధ్యమున నిలువబడి ఆశ్చర్యపోతిని. మేము శూన్యమాసమని పేరు పెట్టి తలుపులు వేసికొన్న నెల ఇది. అదే చలి, అదే చీకటి, నదికి రెండు గట్టుల నడుమ తేడా యేమున్నది? వీరు ఆ నెలను నింపిరి. కుమ్మరికి పని, పాటకునికి పాట, కోడలికి గౌరవము, ముసలివానికి తోడు. చలి యెక్కువైన రాత్రికే అందరును కలిసి మెలకువగా నుండునట్లు వారి పెద్దలు ఎన్నడో ఏర్పాటు చేసిరి. మన పెద్దలకును ఈ తెలివి లేకపోలేదు. ధనుర్మాసమున వేకువనే లేపి గుడికి నడిపించిరి. సంక్రాంతికి సకినాలు చుట్టుటకు ఒక ఇంటి ఆడువారు చాలరు; వాడకట్టు ఆడువారందరు ఒక ఇంట చేరి, బియ్యపుపిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డపై చుట్లు చుట్లుగా చేతితో తిప్పుదురు. చక్కని చేతి కళ అది. పది చేతులు కలిసిన కళ. ఆడువారికి చేసిన ఈ ఏర్పాటు మగవానికి, అందును గది మూసికొని బొమ్మలు వ్రాయువానికి, ఎవరును చేయలేదు. వాడే చేసికొనవలెను.

ఆ జాతరలో నేను చూచిన మరొక సంగతి చెప్పుదును. మైదానపు ఊరినుండి వచ్చిన డప్పువాండ్రు కొందరు మర్రిచెట్టు కవతల గడ్డి మంట వేసికొని కూర్చుండిరి. మంచునకు తోలు వదులై డప్పు పలుకుట లేదు. వారిలో పెద్దవాడు డప్పును మంటకు కాచి, వ్రేలితో మీటి చూచి, మరల కాచి, మరల మీటి చూచుచున్నాడు. పలుకని డప్పును పగిలినదని యెవరును పారవేయరు. అది ఎండకాలమున పలికిన డప్పే. నేను బొమ్మలను కాల్చినవాడను, ఆయన కాచుచున్నాడు. ఉషేగాములో మైనము వెచ్చజేయుట చూచి గ్రహింపనిది అక్కడ గ్రహించితిని. సంచిలో పుస్తకము లేదు, కాలిపోయినది గదా. మిఠాయి పొట్లపు కాగితముపై ఆయన చేతులు గీసితిని. అది మంచి బొమ్మ కాదు. మరునాడు మరొకటి గీసితిని.

ఇక పండితులు చెప్పినది. మన వాగ్భటుడు అష్టాంగహృదయమున ఋతుచర్య చెప్పుచు, హేమంతమున నూనె మర్దనము, వ్యాయామము, వెచ్చని నీరు, స్నిగ్ధమైన భోజనము, ఎండ కాగుట విధించెను. పాశ్చాత్య దేశములలో, 1984 లో, నార్మన్ రోసెంథాల్ అను వైద్యుడును అతని సహచరులును, ప్రతి చలికాలమున వచ్చి వసంతమున తొలగిపోవు దిగులును ఒక వ్యాధిగా వర్ణించిరి. ఆయన దక్షిణాఫ్రికానుండి అమెరికాకు పోయినవాడు. అచ్చటి చలికాలమున తన ఉత్సాహమే తగ్గుటను మొదట తనలో కనిపెట్టినవాడు. ఆ దిగులు గలవారు ఎక్కువగా నిద్రింతురు, ఎక్కువగా తిందురు, ఏ పనికిని పూనుకొనలేరు. చదివినప్పుడు నా సంగతి నాకే చదివి వినిపించినట్లుండెను. దానికి వారు చేయు చికిత్సలలో నొకటి వెలుతురు. వెలుతురును కొలుచు ప్రమాణమునకు లక్సు అని పేరు. పదివేల లక్సుల దీపము ముందు ఉదయమున అరగంట కూర్చుండబెట్టుదురు.

నార్వేలోని ఓస్లో నగరమున డిసెంబరు చివర పగలు ఆరు గంటలైనను ఉండదు. వారికి దీపము కావలెను. మన పగలు అంత పొట్టిది కాదు, ఆ వ్యాధి మనవంటి దేశములలో అరుదే. అయినను ఇంటిలోని దీపపు వెలుగు రెండు మూడు వందల లక్సులకు మించదు; వాకిట తొమ్మిది గంటల యెండ పదివేలకు చాల పైనుండును. మనకు వెలుతురు కరవు లేదు, వెలుతురులోనికి పోవుట కరవు. రాత్రి రెండింటివరకు దీపము ముందు కూర్చుండి, పొద్దెక్కి తొమ్మిదింటికి లేచువాడు ధర్మపురిలో నున్నను ఒకటే, ఓస్లోలో నున్నను ఒకటే. నేను చేసినది అదియే గదా.

ఆ నాటినుండి చలికాలమునకు నేనొక పద్ధతి పెట్టుకొంటిని. కార్తికము ముగియగనే రాత్రిపని మానుదును. పొద్దు పొడిచిన గంటలో వాకిట నుందును. నులివెచ్చని నీటిలో చేతులు ముంచి, వ్రేళ్ళు వంగిన పిదపనే కుంచె పట్టుదును. ఆ రెండు నెలలు పెద్ద బొమ్మ మొదలు పెట్టను. అట్టలు కోయుట, రంగులు నూరుట, పాత బొమ్మలకు చట్టములు కట్టుట, చిన్న రేఖాచిత్రములు, ఇట్టి పనులు దాచి యుంచుకొందును. గీసినదానిని మాఘమువరకు మంచిదనిగాని చెడ్డదనిగాని అనుకొనను. అట్టక్రింద పెట్టి మూయుదును. మాఘమున తీసి చూచిన, చచ్చినవనుకొన్న గీతలలో సగము బ్రతికియే యుండును. ఇది నేను ఏటేట చూచుచున్నాను, ఏటేట ఆశ్చర్యపడుచునే యున్నాను.

నాకు నేనై ఏమియు తోచని దినములలో ఇతరుల కళను గూర్చి చదువుదును. మన ఆదిలాబాదున ఉపాధ్యాయుడై, హిందుస్తానీ గాయకులను గూర్చి తెలుగున వ్రాసిన సామల సదాశివగారి పుస్తకములు ఈ పనికి చాల మంచివి. 'మలయమారుతాలు', 'సంగీత శిఖరాలు', 'స్వరలయలు'. ఈ చివరి దానికి 2011 లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. 2012 లో ఆయన పోయిరి. తనను గూర్చి తక్కువగను, తనకు నచ్చినవారిని గూర్చి ఎక్కువగను చెప్పు గొంతు అది. దిగులులో నున్నవానికి తన్ను గూర్చిన ఆలోచనయే పెద్ద బరువు. ఆ పుస్తకము చదువుచున్నంతసేపు ఆ బరువు దిగును.

ఇక్కడ రెండు మాటలు గట్టిగా చెప్పవలసియున్నది. మొదటిది, కష్టము లేనిదే కళ లేదని, దిగులే కవిత్వమునకు ఎరువని కొందరు చెప్పుదురు. వేదికలపై చెప్పుటకు అది బాగుండును. క్షయ ప్రభాకర్‌గారి కవిత్వమును పెంచలేదు. దానిని ముప్పదితొమ్మిదవ యేట ఆపినది. నా దిగులు నాకు బొమ్మ ఇయ్యలేదు. ఉన్న బొమ్మలను పొయ్యి పాలు చేసినది. రెండవది, అన్ని దిగుళ్ళు చలికాలపువి కావు. సిరిసిల్ల నేతవారి ఇండ్లలో కూలి లేక, అప్పు తీరక ప్రాణములు తీసికొన్నవారున్నారు. వారి వాకిటికి పోయి ఎండలో కూర్చుండుమని చెప్పుట హాస్యమగును. అప్పునకు కావలసినది ఎండ కాదు, కూలి.

చలికాలపు దిగులే యైనను, రెండు వారములు దాటి, తిండి నిద్రలు చెడి, బ్రతుకు వలదను మాట నోట వచ్చినచో అది కుంచెతో, వాకిటి యెండతో పోవునది కాదు. అప్పుడు వైద్యుని కడకు కొనిపోవలెను. పిచ్చివాడందురని వెనుదీయరాదు. టెలి మానస్ అని 2022 అక్టోబరులో ప్రభుత్వమువారు ఒక టెలిఫోను సహాయము ఏర్పరచిరి. 14416 అను అంకెకు పిలిచిన యెడల రాత్రింబవళ్ళు తెలుగున మాటలాడుదురు, పైకము లేదు. ఆ అంకెను పంచాంగము అట్టపై వ్రాసి యుంచుకొనుడు. 1993 లో అది మా ఇంట లేదు. అవ్వ ఆ పొద్దు ఒక్క గడియ ఆలస్యముగా వచ్చియుండిన యెడల బొమ్మలు కాలిన పిదప నా ఆలోచన ఎచ్చటికి పోయెడిదో నేను చెప్పలేను. ఈ మాట ఇంతవరకు బయట ఎవరితోను అనలేదు.

పెద్దలారా, మా బాపు మంచివాడని చెప్పితిని. ఆ చలికాలము గడచిన కొన్నేండ్లకు, మరొక పుష్యమాసమున, నేను మరల మూల కూర్చుంటిని. ఆయనకు అప్పటికి కన్ను మందగించినది. దిగులేమని ఈసారి అడుగలేదు. గొడ్ల కొట్టమునకు పోయి, తలుపు చెక్క యొకటి తెచ్చి నా ముందు పెట్టి, "దీని మీద ఎడ్ల బొమ్మ గీయి రా, పాత జోడి మతికొస్తున్నది, మొగాలు మర్చిపోతున్న" అనెను. ఆ జోడి నా చిన్ననాట మా ఇంట నుండినవి. ఒకదానికి కుడి కొమ్ము విరిగి యుండెను. ఎడమ కొమ్మని నేనంటిని, కుడి కొమ్మని ఆయన అనెను. నాలుగు దినములు వాకిట ఎండలో కూర్చుండి వాదులాడుచు ఆ బొమ్మ పూర్తి చేసితిమి.

అవ్వయు లేదు, బాపుయు లేడు. ఆ తలుపు చెక్క మా కొట్టమున నేటికిని ఉన్నది, ఎడ్లు లేవు. సగము కాలిన గుసాడీ నా గదిలో గోడకున్నది. కిరీటము మరల వ్రాయవచ్చును గాని వ్రాయలేదు. ఈ యేడును ఇగము మొదలైనది. నిన్నటి ఉదయమున నా చేయి మొద్దుబారి పెన్సిలు రెండుమార్లు జారినది. మా కోడలు వాకిట చుక్కలు పెట్టుచు, "మామా, ఆ మూలకు నాలుగు చుక్కలు నువ్వు పెట్టు, నాకు అందుత లేదు" అనెను. ఆ మూల ఆమెకు అందనిది కాదు. నేను లేచి పోయి పెట్టితిని.